అరచేత్తో విన్న ఇంజను

విజయనగరంలో మా అమ్మాయి వాళ్ల ఇంటి వెనక ఒక ఖాళీ మైదానం ఉంది. ఆదివారం పొద్దున్న అక్కడికి కొందరు మగవాళ్లు బండ్లు చంకన పెట్టుకుని వస్తారు. అందరూ పెళ్లాం పిల్లలున్న వాళ్లే. ఆ బండ్లని బొమ్మలు అంటే వాళ్లకి కోపం వస్తుంది. ఒక్కొక్కటి మేకపిల్లంత ఉంటుంది. ఒంటికి మించిన చక్రాలు, పైన లారీ ముఖం లాంటి రంగుల డొప్ప. చేతిలో రిమోటు పట్టుకుని మీట నొక్కితే గట్ల మీదికి ఎగబాకుతాయి, గాలిలోకి లేచి మళ్లీ కాళ్ల మీదే పడతాయి. కొన్ని బ్యాటరీతో నడుస్తాయి. కొన్నింటికి నిజం ఇంజనే ఉంటుంది, నిమ్మకాయంత. దాన్ని నైట్రో ఇంజను అంటారు. దానికి పోసే ఆయిలు వేరు. అందులో ఆముదం కలుస్తుందట, అందుకని ఆ బండి వెళ్లిన దారంతా ఆముదం దీపం ఆర్పినప్పటి వాసన వేస్తుంది.

ఆ మైదానం మేం మొదట చూసింది చెవుల డాక్టరు దగ్గరికని వెళ్లినప్పుడు. మా ఆయన జూట్ మిల్లులో మగ్గాల మిస్త్రీ. మగ్గాలు ఆడే చోట మనిషి మాట మనిషికి వినపడదు. అక్కడ ఎక్కువకాలం పని చేసిన వాళ్లకి చెవులు మందగించడం అందరూ ఎరిగిందే. ఆయనకి పని మానేసిన తర్వాత మిగిలిన కాస్తా పోయింది. డాక్టరు ఇచ్చిన మిషను చెవిలో పెట్టుకుంటే గరగర తప్ప మాట తెలియలేదు. తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. అది జేబులోనే ఉండిపోయింది.

చెవులు పోవడం కన్నా ఆ తర్వాత జరిగింది నన్ను ఎక్కువ కుంగదీసింది. టీకొట్టు దగ్గర ఎవరో ఏదో అడగడం, ఈయన ఇంకేదో చెప్పడం, వాళ్లు నవ్వడం. నవ్వింది చెడ్డగా కాకపోవచ్చు. కానీ ఈయన టీకొట్టు మానేశాడు. తర్వాత పెళ్లిళ్లు మానేశాడు. తర్వాత వీధరుగు కూడా మానేసి లోపలి గదిలో గోడవైపు తిరిగి కూర్చునేవాడు. మిల్లులో వందమంది మధ్య మగ్గాల సందుల్లో నడిచిన మనిషి. మనుషులని ఇలా వదిలేస్తే ఇంక తిరిగి వాళ్లలోకి రాడేమోనని నాకు భయంగా ఉండేది.

డాక్టరు కోసం వెళ్లి అమ్మాయి ఇంట్లో ఉన్న ఆ ఆదివారం, అది డాబా మీద బట్టలు ఆరేస్తూ చూస్తే, ఈయన లుంగీతోనే మైదానం మధ్యకి వెళ్లిపోయి ఉన్నాడు. అమ్మాయి కేకేసింది. పరుగున వెళ్లాను. ఒక బండి ఆయన కాళ్ల దగ్గర ఆగి పొగ వదులుతూ వణుకుతోంది. ఈయన వంగి దాని వీపు మీద అరచెయ్యి ఆనించాడు. బండి గలాయన వద్దనబోయి ఊరుకున్నాడు. ఈయన అలాగే చెయ్యి ఉంచి, తల తిప్పి నా వైపు చూశాడు.

"ఒలే, ఇలగొచ్చి సెయ్యెట్టు," అన్నాడు. "ఇది మాటాడతన్నాది."

మిల్లులో చెవులు బాగున్న వాళ్లు కూడా మగ్గాన్ని చేత్తోనే వినేవారు. అంత మోతలో ఏ మగ్గం మోత ఏదో తెలియదు కాబట్టి, మిస్త్రీ వచ్చి చట్రం మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకుంటాడు. ఏ పన్ను అరిగిందో, ఏ బోల్టు వదులైందో చేతికి తెలుస్తుంది. నేనూ అదే మిల్లులో గోనెలు కుట్టే చోట పని చేశాను. ఈయన్ని మొదట చూసింది అలా మగ్గం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉండగానే. ఎవరో పసిబిడ్డకి జ్వరం చూస్తున్నట్టు ఉండేది.

బండి గలాయన విజయనగరంలో ఇనుపసామాను కొట్టు సావుకారు. నలభై ఏళ్ల మనిషి. మేకులు, తాళాలు, రంగు డబ్బాలు అమ్మే ఆ కొట్టు వెనక గదిలో ఇలాంటి బండ్లు బల్ల మీద వరుసగా ఉంటాయి. మరునాడే ఈయన నన్నూ అమ్మాయినీ అక్కడికి లాక్కెళ్లాడు. ఆయనంతట ఆయన ఒక చోటికి పోదామనడం ఎన్నాళ్లకో. అందుకని కొనడం మంచిదా చెడ్డదా అని నేను ఆలోచించలేదు.

మా అమ్మాయి మాత్రం ఆలోచించింది. "నాన్నకి బ్యాటరీదే మంచిదమ్మా," అంది. "ఛార్జింగు పెట్టుకోవడం, నడుపుకోవడం. పొగ ఉండదు, ఆయిలు గొడవ లేదు."

సావుకారూ అదే మాట అన్నాడు. అమ్ముకునే మనిషైనా నిజమే చెప్పాడు. "మీ అమ్మాయి చెప్పింది సరైన మాటమ్మా. బ్యాటరీ బండి సుఖం. నైట్రో అంటే రోజూ సేవ చెయ్యాలి. వాడినాక ఆయిలు ఖాళీ చెయ్యాలి, తుడవాలి, ఇసక పడకుండా చూసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం ఇంకోటుంది." అని ఆయన ఈయన వైపు చూసి, మాట మింగాడు.

"సెప్పీ బాబూ," అన్నాను. "ఆయనకి ఇనపడదు, నాకు ఇనపడతాది."

"ఇది చెవితో నడిపే బండమ్మా. ఇంజనులోకి ఆయిలూ గాలీ కలిసి వెళ్తాయి. ఈ మర తిప్పితే ఆయిలు ఎక్కువా తక్కువా అవుతుంది. ఆయిలు ఎక్కువైతే మోత బొంగురుగా ఉంటుంది, పొగ దట్టంగా వస్తుంది, అంతే. నష్టం లేదు. ఆయిలు తక్కువైతే మాత్రం మోత సన్నబడుతుంది, ఈల వేసినట్టు. అప్పుడు ఆపెయ్యాలి. ఆపకపోతే లోపల కాలిపోయి పిస్టన్ పట్టేస్తుంది. పట్టేసిన ఇంజను మళ్లీ లేవదు. ఆ సన్నబడడం దూరం నుంచి వినాలి."

ఇదంతా నేను చేతులతో, పెదాలతో ఈయనకి చెప్పాను. మిల్లు మనుషులం కాబట్టి మాకు ఆ అలవాటుంది. ఈయన చూసి తల ఊపాడు. తర్వాత బ్యాటరీ బండిని నడిపించమని సైగ చేసి దాని మీద చెయ్యి పెట్టాడు. తీసేశాడు. నైట్రోది నడిపించమన్నాడు. సావుకారు కొట్టు బయటికి తీసుకెళ్లి తాడు లాగి స్టార్టు చేశాడు. దాని మీద చెయ్యి పెట్టి ఈయన చాలాసేపు తియ్యలేదు. వీధిలో పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. ఈయన ఎవరినీ పట్టించుకోలేదు.

"అదేటి మావా," అన్నాను బ్యాటరీ బండి చూపించి.

"అది సచ్చిన సేప," అన్నాడు. గట్టిగానే అన్నాడు, తన గొంతు తనకి తెలియదు కదా. సావుకారు పడీపడీ నవ్వాడు. ఈయన ఆ నవ్వు చూశాడు. చూసి, తనూ నవ్వాడు.

కొత్తది కాదు, సావుకారు కొన్నాళ్లు వాడి పక్కన పెట్టిన నైట్రో బండే తీసుకున్నాం. ఊరికి వచ్చే బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గజపతినగరం దగ్గరికి వస్తుండగా నా వైపు తిరిగి, బస్సంతా వినపడేలా చెప్పాడు. "ఇది గాని నా సేతిలో పట్టేసిందంటే, ఇంక నాను మిసను అన్నదాన్ని ముట్టను. సెప్పేస్తన్నాను."

ఆ మాట కోపంగా అనలేదు. లెక్క తేల్చుకున్న మనిషిలా అన్నాడు. మిషను ముట్టని నాడు ఆ మనిషి ఎక్కడ కూర్చుంటాడో నాకు తెలుసు. లోపలి గది, గోడ.

మా ఊరు గజపతినగరానికి దగ్గర, చంపావతి ఒడ్డున. ఏటిలో వానాకాలం తప్ప నీళ్లు ఒక పాయగానే ఉంటాయి, మిగతాదంతా ఇసక. ఈయన బండిని మొదట మా పెరట్లోనే తిప్పాడు. పొగకి పక్కింటి వదిన కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గోడ మీంచి చూసింది.

"ఏటే ఒదినా, మీ ఆయన మనవడికి కొన్నాడేటి?"

"మనవడు ముట్టుకుంటే సెయ్యిరిసేస్తాడు," అన్నాను.

"మరి ఈ ఎయసులో ఇదేటే."

"నీ మొగుడు పేకాడతన్నాడు గదా, అదే ఎయసు."

ఆవిడ ఆ తర్వాత రోజూ గోడ దగ్గరికి వచ్చి చూసేది. బండి గోడకి గుద్దుకుంటే నాకన్నా ముందు ఆవిడే అయ్యో అనేది.

బండిని మార్చడం మొదలుపెట్టాక ఈయన మళ్లీ మిస్త్రీ అయిపోయాడు. బజారు బండి అంటే బజారు చొక్కా లాంటిదని, అది తన ఒంటికి కుట్టించుకోవాలని ఆయన మాట. ముందు చక్రాలు. దానితో వచ్చినవి గట్టినేలకి సరిపోతాయి గాని ఏటి ఇసకలో దిగబడిపోయాయి. సావుకారు చెప్తే తెడ్ల లాంటి అంచులున్న వెడల్పు చక్రాలు తెప్పించుకున్నాం. అవి వేశాక ఇసకని తవ్వుకుంటూ పోయింది గాని, ఆ బరువుకి లోపలి పళ్లచక్రాల పళ్లు రాలిపోయాయి. ఒకటి మారిస్తే దాని పక్కది ఏడుస్తుంది, అది మగ్గంలోనూ అంతేనట. పళ్లచక్రాలు ఉక్కువి వేశాడు. తర్వాత స్ప్రింగులు. బండి ఎగిరి పడ్డప్పుడు కడుపు నేలకి కొట్టుకుంటోందని గట్టి స్ప్రింగులు వేసి, వాటి గొట్టాల్లో చిక్కటి ఆయిలు పోశాడు. ఒక్కో మార్పు చేశాక మళ్లీ అరచెయ్యి. కళ్లు మూసుకుని, తల ఒక పక్కకి వంచి.

నా వంతు చదవడం. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి, పొదుపు సంఘంలో మాకు చదువు చెప్పినప్పుడు. తెలుగు చదువుతాను. ఇంగ్లీషు అక్షరాలు అమ్మాయి నేర్పితే ఒక్కొక్కటీ పట్టుకుని చదువుతాను. సామాను వచ్చిన అట్టపెట్టెల మీద పేర్లు కూడబలుక్కుని చదివి, ఏది ముందుది ఏది వెనకదో ఆయనకి సైగ చేసేదాన్ని. ఆయన నేను చెప్పేవరకూ పెట్టె విప్పేవాడు కాదు. నా చదువుకి అంత గౌరవం ఇచ్చిన వాళ్లు ఇంకెవరూ లేరు.

బండి దగ్గరున్నంత సేపూ చెయ్యి సరిపోయింది. మర ఎంత తిప్పాలో, ఎక్కడ ఆపాలో చేత్తో పట్టేసేవాడు. ఇంజను తల మీద ఒక నీటిచుక్క వేసి, అది చుయ్యిమని ఎగిరిపోతుందా, మెల్లగా మరుగుతుందా చూసి వేడి చెప్పేసేవాడు. చిక్కంతా బండి దూరం పోయాకే. ఒకరోజు ఏటి అవతలి పాయ దాకా పంపించాడు. అక్కడ ఎండ నెత్తిన పడేసరికి మోత మారింది. నాకు వినపడుతోంది, ఈలలా. ఆయన నవ్వుతూ మీట నొక్కుతూనే ఉన్నాడు. నేను పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాక ఆపాడు. దగ్గరికి వెళ్లి చూస్తే చెయ్యి పెట్టలేనంత వేడి. ఇంజను బతికిపోయింది గాని, ఆయన ఇసకలో కూలబడ్డాడు.

"నీకు ఇనపడిందా," అన్నాడు.

అవునన్నాను.

"ఏటి ఇనపడ్డాది. ఎలగుంది."

ఎలా చెప్పాలో తెలియక చిటికెన వేలు ఎత్తాను. మిల్లులో నూలు సన్నబడి తెగడానికి వస్తే అవతలి వాళ్లకి అలా చూపించేవాళ్లం. ఆయన ఆ వేలు చూసి లేచి కూర్చున్నాడు.

అక్కడి నుంచి అది మా పద్ధతి అయింది. నేను ఆయనకి ఎదురుగా, బండి కనపడేటట్టు, కాస్త ఎత్తు మీద నిలబడతాను. మోత బాగుంటే అరచెయ్యి చాపి ఉంచుతాను. బొంగురుపోతే పిడికిలి. సన్నబడితే చిటికెన వేలు. ఆయన ఒక కన్ను బండి మీద, ఒక కన్ను నా చేతి మీద పెట్టి నడిపేవాడు. మిల్లులో ఇంకో కట్టుబాటు ఉండేది. ఎవరైనా ఆపమని సైగ చేస్తే ముందు మగ్గం ఆపాలి, తర్వాతే ఎందుకని అడగాలి. చేసింది చిన్నవాడైనా, తప్పుగా చేసినా సరే. కొత్తగా చేరిన వాళ్లకి మిస్త్రీ మొదటి రోజు చెప్పే మాట అదేనట. "సేతి ఏళ్లు తెగినాక కారణం సెప్తే ఏటి లాభం," అనేవాడు ఈయన. నా వేలికీ అదే కట్టుబాటు పెట్టుకున్నాం.

ఎండాకాలం వచ్చేసరికి సావుకారు కబురు పంపాడు. వాళ్ల జట్టంతా ఒక ఆదివారం మా ఏటి ఇసకలో బండ్లు నడపాలనుకుంటున్నారు. విజయనగరం నుంచీ, శ్రీకాకుళం నుంచీ వస్తారు. ఇసకలోంచి గట్టు మీదికి, ఏటవాలుగా ఉన్న చోట ఎక్కించడం పోటీ. "పెద్దాయన రావాలి," అన్నాడు ఫోనులో. "ఆయన ఊరే కదా, ఆయన రాకపోతే ఎలా."

ఈయనకి చెప్పాను. బండి విప్పి మళ్లీ బిగించాడు. విప్పి మళ్లీ బిగించాడు. నాకు అర్థమైంది. బండి సంగతి కాదు, అంతమంది మనుషుల సంగతి.

అప్పటికి ఒక చిక్కు ఉండిపోయింది. ఇంజను ముక్కుకి గాలి వడపోసే స్పాంజి ఒకటుంటుంది. ఏటి ఇసకకి అది చిరిగిపోయింది. సావుకారు, తను వచ్చేటప్పుడు కొత్తది తెస్తానన్నాడు. ఈయన ఆగలేదు.

"స్పాంజేటి," అన్నాడు. "మన పీసు లేదేటి."

పీచంటే జనపనార. మిల్లు మనుషులకి ప్రపంచంలో జనపనారతో కాని పని లేదు. మా ఇంట్లో గిన్నెలు తోమడానికి అదే, కిటికీ సందులు మూయడానికి అదే, మంచం నులక అదే. ఈయన సన్నటి నార ఏరి తెచ్చాడు. నేను దువ్వి ఇచ్చాను. మిల్లులో నారకి నూనె పట్టించి మెత్తబరిచినట్టే ఆముదం పట్టించి, నీట్‌గా చిన్న గూడులా అల్లి ఇంజను ముక్కుకి తొడిగాడు. చూడ్డానికి పిచ్చుకగూడులా ముచ్చటగా ఉంది. పెరట్లో నడిపితే బాగానే నడిచింది. చేతికి కూడా తేడా తెలియలేదట. మేమిద్దరం దాన్ని చూసుకుని మురిసిపోయాం. ఆ నార ఎంత పొట్టు రాలుస్తుందో మాకన్నా ఎరిగిన వాళ్లు ఎవరూ లేరు. మిల్లులో ఆ పొట్టు మా కనుబొమ్మల మీద పేరుకుని ఉండేది. అయినా ఆ రోజు ఒక్కరికీ తట్టలేదు.

ఆదివారం తెల్లచొక్కా వేసుకున్నాడు. ఏటి ఒడ్డున అప్పటికే మనుషులు చేరారు. జట్టువాళ్లే కాక మా ఊరివాళ్లూ, పక్కింటి వదినా, టీకొట్టు దగ్గర కూర్చునే వాళ్లూ అందరూ గట్టు మీద ఉన్నారు. ఈయన ఎవరి మొహమూ చూడకుండా తిన్నగా ఇసకలోకి దిగి, బండి దింపి, దాని పక్కన గొంతుక్కూర్చున్నాడు. సావుకారు వచ్చి భుజం తట్టి ఏదో అన్నాడు. ఈయనకి వినపడలేదు, అయినా తల ఊపాడు. సావుకారు తెచ్చిన కొత్త స్పాంజి పొట్లాన్ని ఈయన చొక్కా జేబులో వేసుకున్నాడు. విప్పలేదు.

ముందు బ్యాటరీ బండ్లు వెళ్లాయి. ఒకటి గట్టు పైదాకా చక్కగా ఎక్కేసింది. దాన్ని నడిపిన శ్రీకాకుళం ఆయన చేతి వాటం చూసి ముచ్చటేసింది. ఒకటి సగంలో వెల్లకిలా పడింది. తర్వాత నైట్రోలు. సావుకారు బండి రెండోసారికి ఎక్కింది. తర్వాత ఈయన.

నేను గట్టు మీద ఒక రాయెక్కి నిలబడి అరచెయ్యి చాపాను. ఈయన తాడు లాగాడు, బండి లేచింది, చెయ్యి పెట్టి చూసుకుని వదిలాడు. ఏటి మధ్య దాకా వెనక్కి తీసుకెళ్లి అక్కడి నుంచి ఉరికించాడు. ఇసక రెండు పక్కలా నీళ్లలా లేచింది. మా వాళ్లు కేకలేశారు. ఆ కేకలు ఆయనకి తెలియవు. బండి గట్టు మొదట్లో ఒకసారి ఎగిరి, నాలుగు చక్రాల మీదా పడి, ఏటవాలు ఎక్కడం మొదలుపెట్టింది. నేను చూసిన వాటిల్లో అంత నిబ్బరంగా ఎక్కింది ఇంకోటి లేదు. చక్రాలు తవ్వుతున్నాయి, స్ప్రింగులు ఊపిరి పీల్చినట్టు దిగి లేస్తున్నాయి. ఆయన చేసిన ప్రతి మార్పూ ఆ గట్టు మీద కనపడుతోంది.

సగం పైకి వచ్చేసరికి మోత మారింది.

మొదట నమ్మలేదు. జనం కేకలేమో అనుకున్నాను. కాదు, ఈలే. సన్నగా, పైకి పోతోంది. వెనక పొగ కూడా పలచబడింది. గట్టు చివరకి ఇంకో నాలుగు బారలు ఉంటుందేమో. అందరూ చూస్తున్నారు. టీకొట్టు వాళ్లు చూస్తున్నారు. పక్కింటి వదిన నా మోచెయ్యి పట్టుకుని, "ఎక్కీసినాదే, ఎక్కీసినాదే," అంటోంది. నేను వేలు ఎత్తితే ఆయన ఇంతమందిలో ఓడిపోతాడు. ఎత్తకపోతే ఇంజను పట్టేస్తుంది. బస్సులో ఆయన అన్న మాట నాకు గుర్తుంది.

చిటికెన వేలు ఎత్తాను.

ఆయన చూశాడు. ఆ మొహంలో ఒక్క క్షణం ఎందుకే అన్న ప్రశ్న కదిలింది. బండి ఎక్కుతోంది కదా, కళ్లముందు ఎక్కుతోంది కదా. నేను వేలు దించలేదు. మీట మీంచి వేలు తీసేశాడు.

బండి ఆగింది. ఏటవాలు మీద వెనక్కి జారి, అడ్డం తిరిగి, ఇసకలో కూరుకుంది. గట్టు మీద అందరూ ఒకేసారి అయ్యో అన్నారు. "మావా, ఏటి మావా ఆపీసేవు," అని టీకొట్టు వాళ్లలో ఒకడు అరిచాడు. "ఒగ్గేస్తే ఎక్కీసును గదా." ఇంకొకడు, "బండికి సిగ్గేసినట్టున్నాది," అన్నాడు. కొందరు నవ్వారు.

ఈయన ఏ మొహమూ చూడలేదు. గట్టు ఎక్కి, గుడ్డతో పొగగొట్టం మూతి మూసి ఇంజను ఆపాడు. పైన ఒక నీటిచుక్క వేశాడు. అది తగలకముందే ఎగిరిపోయింది. ఆయన నన్ను చూసి తల ఒక్కసారి కిందికి వంచాడు. ఇసకలోనే మఠం వేసుకుని, చల్లారేదాకా ఆగి, తొడిగిన నారగూడు లాగాడు. దాని వెనక ఇంజను గొంతులో నారపొట్టు ఉండకట్టుకుని ఉంది. ఆయిలు వచ్చే రంధ్రానికి సగం అడ్డం పడింది.

ఆ ఉండని వేళ్ల మధ్య పెట్టుకుని చూశాడు. ఇంతలో అందరూ చుట్టూ మూగారు. నేను జనాన్ని తోసుకుంటూ వెళ్లేసరికి ఆయన ఆ ఉండని పైకెత్తి, అందరికీ వినపడేలా అంటున్నాడు. "ఇదిగో సూడండి. ఇదీ నా తెలివి. బతుకంతా ఈ పొట్టు మింగినాను, మళ్లీ దీనికీ మింగించీసినాను."

మళ్లీ నవ్వు లేచింది. ఈసారి ఆయనే ముందు నవ్వాడు, భుజాలు ఊగేలా. టీకొట్టు వాడు ఒంగి ఆ గూడు తీసి చూసి, "ఎంత బాగా అల్లినావు మావా, పిట్ట గుడ్డెట్టీసును," అన్నాడు. ఈయనకి వినపడలేదు, కానీ వాడి చేతిలో గూడుని, వాడి మొహాన్ని చూసి మాట పట్టేశాడు. "ఎట్టినాది గదా, సూడు," అని పొట్టు ఉండ వాడి అరచేతిలో పెట్టాడు.

సావుకారు తన చెయ్యి చాపి, ఆ తర్వాత చిటికెన వేలు ఎత్తి, ఇదేమిటని సైగ చేశాడు. ఈయన చెప్పాడు. పిడికిలి చెప్పాడు, వేలు చెప్పాడు, మిల్లు కట్టుబాటు చెప్పాడు. మధ్యలో నా వైపు చెయ్యి చూపించాడు. అందరూ నన్ను చూశారు. నాకు సిగ్గేసి కొంగు సర్దుకున్నాను. ఎక్కుతున్న బండిని అంతమంది ముందు ఆపడం తనవల్ల కాదని శ్రీకాకుళం ఆయన అన్నాడు. అది నాకు వినపడింది. ఈయనకి నేను చెప్పలేదు. చెప్తే మొహం తిప్పుకుంటాడు.

జేబులోని స్పాంజి తీసి తొడిగాడు. గొంతు తుడిచి, మర కాస్త వెనక్కి తిప్పి, తాడు లాగాడు. బండి లేచింది. చెయ్యి పెట్టాడు, బాగుందన్నట్టు ఆనించి ఉంచాడు. ఇంజను బతికింది. మళ్లీ గట్టు ఎక్కించమని అందరూ అడిగారు గాని, ఈ పూట దాన్ని అలవనివ్వకూడదని ఒప్పుకోలేదు. ఇంతలో ఎవరో తమ బండి తెచ్చి ముందు పెట్టారు, దీని మీద చెయ్యి పెట్టి చూడమని. పెట్టి చూశాడు. ఒక స్ప్రింగు వదులుగా ఉందన్నాడు. అది నిజమే. ఇంకొకాయన బండిలో క్లచ్చి తప్పన్నాడు. అది క్లచ్చి కాదట, ఆ బండి మనిషి ఒప్పించేదాకా ఇద్దరూ సైగలతో దెబ్బలాడుకున్నారు. ఓడిపోయి ఈయన చెవి పట్టుకున్నాడు, దండం పెట్టాడు.

ఎండ నెత్తికెక్కింది. ఇంటికి పోదాం, అన్నం వేళ దాటిందని సైగ చేశాను. ఉండమన్నట్టు చెయ్యి ఊపాడు. కాసేపాగి మళ్లీ చేశాను. టీకొట్టు వాళ్లు ఆయన్ని రెండు పక్కలా పట్టుకుని గట్టు మీదికి నడిపించుకుపోతున్నారు, సావుకారు జట్టువాళ్లు వెనక వస్తున్నారు. ఆయన తిరిగి చూసి, బండిని చూపించి, ఇంటిని చూపించి, నువ్వు పద అన్నాడు. మాటతో కాదు, చేత్తోనే.

బండిని తుడిచి, ఆయిలు ఖాళీ చేసి, ఇసక దులిపి, గోనెసంచిలో పెట్టుకున్నాను. ఇంకా వెచ్చగానే ఉంది. గట్టు ఎక్కి మా వీధివైపు నడుస్తుంటే టీకొట్టు లోంచి ఆయన గొంతు వినపడుతోంది. ఊరంతా వినపడేంత గట్టిగా, ఎవరికో ఉక్కు పళ్లచక్రాల సంగతి చెప్తున్నాడు. ఆ రోజు అన్నం నేనొక్కదాన్నే తిన్నాను.